టాల్కం పౌడరు పట్టిచ్చిన ఆయిల్ లీకు

జూలైలో ఒకరోజు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెయ్యెత్తి ఆపాడు. "ఆయిల్ సోర్తా ఇదె సార్" అన్నాడు కన్నడంలో, ఆయిల్ కారుతోందని. దిగి చూశాను. రాత్రంతా కారు నిలిపిన చోట, తెల్ల టైలు మీద రూపాయి బిళ్ళంత నల్ల మరక. పక్కనే ఎండిపోయిన మరకలు ఇంకో రెండు. అంటే ఇది ఇవాళ మొదలైంది కాదు.

ఆ కారు నా దగ్గర ఉంటుందే కానీ నా మనసులో అది ఇప్పటికీ నాన్నదే. 2012 మోడల్, మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి అనంతపురంలో రిటైరయ్యాడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఇక నడపనని చెప్పి తాళాలు నా చేతికిచ్చాడు. తాళాలతో పాటు ఒక లాంగ్ నోట్‌బుక్కు కూడా ఇచ్చాడు. ఏ తేదీన ఆయిల్ మార్చిందీ, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ, ఏ గ్రేడు పోసిందీ, టైర్లు ఎప్పుడు మార్చిందీ అన్నీ అందులో ఉన్నాయి. అందుకే ఆ మరక చూడగానే టెన్షన్ పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పుస్తకంలో "లీకు" అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. నాన్న నా చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. రోడ్డు మీద కారిన ఆయిలు ఎండలో అంతగా తెలియదు, దాని మీద సన్న తుంపర పడిందంటే మాత్రం టూవీలర్ వాళ్ళు జర్రున జారిపోతారని. బెంగళూరులో జూలై అంటే రోజూ తుంపరే. నా కారు ఒక్కో చుక్క విడుస్తూ కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా రోజూ పోయి వస్తోందని తలుచుకుంటే మనసు ఊరుకోలేదు.

ముందు అది ఇంజిన్ ఆయిలేనా కాదా తేల్చుకోవాలి కదా. కారు కింద పడే ప్రతి చుక్కా ఆయిల్ కాదు. ఏసీ వేసుకుని వచ్చి ఆపితే కింద మంచినీళ్ళే కారతాయి, దానికి కంగారు పడనక్కర్లేదు. కూలెంటైతే రంగు ఉంటుంది, మా కారుకు ఆకుపచ్చ. గేర్ ఆయిలైతే గంధకం లాంటి ఘాటు వాసన. నేను వేలితో తీసి తెల్ల కాగితం మీద రాశాను. ముదురు గోధుమ రంగు, అంచున కాస్త పసుపు, వేళ్ళ మధ్య రుద్దితే జారుడు, మాడిన వాసన. అనుమానం లేదు, ఇంజిన్ ఆయిలే.

ఆ రాత్రి పెద్ద అట్టపెట్టె ఒకటి విప్పి ఇంజిన్ కింద పరిచాను. ముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో అట్ట మీద చాక్‌పీసుతో గీసుకున్నాను. పొద్దున చూస్తే చుక్కలు ఎడమవైపు, ఇంజిన్‌కు గేర్‌బాక్స్ అతికే చోటికి సరిగ్గా కింద ఉన్నాయి. వరసగా ఐదు రోజులు పరిచాను. రాత్రికి నాలుగైదు చుక్కలు, చోటు మాత్రం మారలేదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూశాను. దాని మీద పైన ఒకటి, కింద ఒకటి గుర్తులుంటాయి. ఆయిల్ పై గుర్తుకు కొంచెం కిందుగా ఉంది. చిన్న కార్లలో చాలావాటికి ఆ రెండు గుర్తుల మధ్య తేడా లీటరుకు అటూ ఇటూ. ఆ లెక్కన అప్పటికి పోయింది పావులీటరు లోపే. భయపడాల్సిన లీకు కాదు, అలాగని వదిలేసే లీకూ కాదు. డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు అని చాలామంది అనుకుంటారు. అది ఆయిల్ ప్రెషర్‌కు సంబంధించింది. అది వెలిగితే ఇంటిదాకా వెళ్దాంలే అనుకోకూడదు, అక్కడికక్కడే ఇంజిన్ ఆపేయాలి. అదృష్టం, నాకు అది వెలగలేదు.

శనివారం ఒక పెద్ద వర్క్‌షాప్‌కు తీసుకెళ్ళాను. కారును లిఫ్ట్ మీద ఎక్కించి కింద నుంచి టార్చి వేశారు. గేర్‌బాక్స్ అతుకంతా నల్లగా, జిడ్డుగా, దుమ్ము పట్టి ఉంది. రెండు నిమిషాల్లో తేల్చేశారు. "క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దింపాలి. ఎలాగూ దింపుతాం కాబట్టి క్లచ్ సెట్ కూడా వేసేద్దాం." క్రాంక్ అంటే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, అది గేర్‌బాక్స్ వైపు బయటికొచ్చే చోట నూనెను ఆపే చుట్టే ఆ సీలు. అంచనా 17,500 రూపాయలు, రెండు రోజులు. న్యాయంగా చెప్పాలంటే ఆ క్లచ్ మాటలో తప్పు లేదు. సీలు ఖరీదు తక్కువ, గేర్‌బాక్స్ దింపి ఎక్కించే కూలీనే ఎక్కువ, కాబట్టి నిజంగా దింపాల్సి వస్తే పాత క్లచ్‌ను మార్చేయడమే మేలు. కానీ నిజంగా దింపాలా? బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు వాళ్ళు. అదే నాకు గుచ్చుకుంది.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. చెప్పిందంతా విని ఒకటే అడిగాడు. "కడిగినారా?"

"లేదు నాన్నా, కింద నుంచి చూసి చెప్పారు."

"కడక్కుండా ఎట్ల చెప్తార్రా? నూనె అంతా పైనుంచి కిందికే కదా వచ్చేది. బండి పోతాంటే గాలికి వెనక్కి పూసుకుంటాది. అడుగున చూస్తే అన్నీ తడిగానే కనపడతాయి. ఫస్టు శుభ్రంగా కడిగించు, ఆరబెట్టు, తిప్పు, అప్పుడు చూడు."

టి.సి.పాళ్య మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే సందులో ఒక చిన్న గ్యారేజ్ ఉంది. నడిపేది హిందూపురం ఆయన. మా వీధిలో తెలుగువాళ్ళ బళ్ళు చాలావరకు ఆయన దగ్గరికే పోతాయి. ఆదివారం ఉదయం వెళ్ళి, అంచనా సంగతి చెప్పకుండా, లీకు ఉందన్నా చూడు అని మాత్రం చెప్పాను. ఆయన కింద చూడనే లేదు. ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"వాసన ఏమన్నా వస్తాందా సార్?"

వస్తోంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడితే ఏసీ గాలిలో మాడిన నూనె వాసన. ముందున్న ఏ లారీదో అనుకునేవాణ్ణి.

"పోతున్నప్పుడు వస్తాందా, నిలబెట్టినప్పుడా?"

"నిలబెట్టినప్పుడే అన్నా."

"అయితే పైన్నుంచి కారి సైలెన్సర్ పైపు మీద పడతాంది. పోతాంటే గాలి ఎత్తుకుపోతాది, నిలబడితే లోపలికి వస్తాది. వెనక సీలు పోయింటే అది అడుగునే కారతాది, అక్కడ కాలేదేముంది?"

ఈ చిన్న తర్కం విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. బానెట్ ఎత్తి, దంతాల డాక్టర్ల దగ్గర ఉండే లాంటి చిన్న అద్దం ఒకటి పొడవాటి కడ్డీకి బిగించింది తీశాడు. దాన్ని ఇంజిన్ వెనక్కి దించి టార్చి కొట్టాడు. ఆ తర్వాత చెయ్యి పెట్టి, ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైన ఉండే మూత) వెనక మూలను వేలితో తడిమి ఆ వేలు నాకు చూపించాడు. తడి. అయినా ఆయన "ఇదే" అని అనలేదు. "అనుమానం ఇక్కడ. చూస్తాం" అన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

ఇంజిన్ పూర్తిగా చల్లబడేదాకా గంటసేపు ఆగాం. ఆల్టర్నేటర్‌కూ, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ దగ్గర కనెక్టర్లకూ పాలిథిన్ కవర్లు కట్టాడు. డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో పైనుంచి కిందిదాకా జిడ్డు వదిలించి, వేస్ట్ గుడ్డతో తుడిచి, కంప్రెసర్ గాలితో మూలమూలా ఆరబెట్టాడు. గేర్‌బాక్స్ అతుకు దగ్గర ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి అంతా పోయి అల్యూమినియం తెల్లగా బయటపడింది. తర్వాత కుర్రాణ్ణి పక్క కొట్టుకు పంపి పది రూపాయల టాల్కం పౌడరు డబ్బా తెప్పించాడు. ట్యాపెట్ కవర్ అంచు చుట్టూ, దాని కింద ఇంజిన్ ఒళ్ళంతా, గేర్‌బాక్స్ అతుకు దాకా పలచగా ఊదాడు. గ్యారేజ్ అంతా పసిపిల్లలున్న ఇంటి వాసన.

"పోయి రండి సార్, ఒక ముప్పై కిలోమీటర్లు. బాగా వేడెక్కల్ల."

పాత మద్రాసు రోడ్డు పట్టుకుని హోసకోట దాకా వెళ్ళి వచ్చాను. తెల్లారకముందే బిర్యానీ కోసం జనం బారులు తీరే ఊరది. నేను వెళ్ళేసరికి ఆ సందడి అయిపోయింది. ఆగకుండా వెనక్కి తిప్పేశాను. దారంతా ముక్కు ఏసీ దగ్గరే ఉంది.

తిరిగి వచ్చి బానెట్ ఎత్తిన ఆ క్షణం బాగా గుర్తుంది. ఇంజిన్ అంతా పిండి రాసినట్టు తెల్లగా అలాగే ఉంది. ట్యాపెట్ కవర్ వెనక మూల దగ్గర మాత్రం, గోరంత మేర పౌడరు తడిసి గోధుమరంగు ముద్దయింది. అక్కడి నుంచి దారప్పోగంత సన్న గీత ఒకటి కిందికి దిగింది. మధ్యలో ఒక బోల్టు తల దగ్గర రెండుగా చీలింది. ఒక పాయ ఎగ్జాస్ట్ వైపు పోయింది, ఇంకోటి గేర్‌బాక్స్ అతుకు వైపు. ఆ రెండో పాయ అతుకును ఇంకా చేరలేదు, జానెడు దూరంలో ఆగిపోయింది. దాని కింద పౌడరు పొడిపొడిగా ఉంది. క్రాంక్ సీలు లీకై ఉంటే ఆ పౌడరే ముందు తడవాలి. నేను ఫోటో తీసి నాన్నకు పంపాను. వెంటనే జవాబు రాలేదు. పది నిమిషాలకు ఫోన్ చేసి, "ప్యాకింగ్ పోయింది, అంతే. గేర్‌బాక్స్ జోలికి పోవద్దు" అన్నాడు. ప్యాకింగ్ అంటే ఆ ట్యాపెట్ కవర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు పట్టీ.

కాయిల్స్ కూడా తీసి చూశాడు మెకానిక్ అన్న. ఇలాంటి ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్గులు ట్యాపెట్ కవర్ మధ్యలో బావుల్లాంటి గొట్టాల్లో ఉంటాయి. ఆ గొట్టాలకూ రబ్బరు సీళ్ళు ఉంటాయి. మూడో కాయిల్ బయటికి తీస్తే దాని రబ్బరు చివర నూనెలో తడిసి ఉంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కారు ఒకటి రెండు క్షణాలు వణికేది. వయసైపోయిన బండి కదా అని సరిపెట్టుకున్నాను. నూనె కాయిల్ రబ్బరును పాడుచేసి మిస్‌ఫైర్ తెప్పిస్తుందట. ప్లగ్గు విప్పే ముందు ఆ బావిలోని నూనెను గుడ్డతో అద్ది తీయాలి, లేకపోతే అది సిలిండర్‌లోకి దిగుతుంది. ఆయన స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి ఓపిగ్గా అద్దుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆఫీసులో ఒక స్నేహితుడు ఆయిల్‌లో పోసే లీక్ స్టాప్ మందు ఒకటి సూచించాడు. ఇంకొకరు చిక్కటి ఆయిల్ పొయ్యమన్నారు. రెండూ అడిగాను. అన్న తల అడ్డంగా ఊపాడు. "మందేస్తే రబ్బరు ఉబ్బుతాది సార్. పాడైందే కాదు, మంచిగా ఉండేవీ ఉబ్బుతాయి. చిక్కటి ఆయిలు పొద్దున స్టార్ట్ చేస్తానే పైకి ఎక్కేదానికి లేటు. కంపెనీ ఏ గ్రేడు చెప్పింటే అదే పోయండి."

ఆదివారం స్పేర్ పార్టుల కొట్లు ఉండవు కాబట్టి కారు అక్కడే వదిలేశాను. సోమవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, కె.ఆర్.పురంలో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి, కె.ఆర్. మార్కెట్‌లో దిగి జె.సి. రోడ్డుకు నడిచాను. బండి విడిభాగం ఏది కావాలన్నా బెంగళూరులో జనం ముందు తలుచుకునే రోడ్డు అది. పాత ప్యాకింగ్ ముక్కలు ఒక క్యారీ బ్యాగులో, ఆర్.సి. కాపీ జేబులో ఉన్నాయి. కొట్టాయన ఛాసిస్ నంబరు అడిగి కంప్యూటర్‌లో చూసి, ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి ప్యాకింగ్ మారుతుందని చెప్పాడు. కారు పేరు చెప్పి కొనుక్కుని వెళ్ళుంటే మళ్ళీ తిరగాల్సి వచ్చేది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్గు గొట్టాల సీళ్ళు కలిపి సెట్టు 560 రూపాయలు, సిలికాన్ సీలెంట్ ట్యూబు 120.

అన్న ఇంకొకటి కూడా తెమ్మన్నాడు. పీసీవీ వాల్వు, 310 రూపాయలు. నాకు అన్నిటికన్నా ఎక్కువ విషయం తెలిసింది దీని దగ్గరే. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాసు కింది ఛాంబర్‌లోకి జారుతూనే ఉంటుంది. దాన్ని మళ్ళీ ఇన్‌టేక్‌లోకి పంపేది ఈ వాల్వే. అది మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని నూనె బయటికొస్తుంది. మంచి వాల్వును చెవి దగ్గర ఊపితే లోపల లొటలొటమంటుంది. మాది ఊపితే చప్పుడే లేదు. లోపలంతా బంక. రోజూ తిరిగేది కొద్ది దూరమే, అందులో సగం సమయం సిగ్నళ్ళ దగ్గర నిలబడటమే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కి లోపలి తేమ ఆవిరయ్యేలోపే ఆపేస్తున్నాను. ఆ తేమా నూనే కలిసి ఈ బంక తయారవుతుంది. అనంతపురంలో హైవే మీద తిరిగిన బండికి ఈ బాధ ఉండేది కాదేమో. ఈ వాల్వు మార్చకుండా కొత్త ప్యాకింగ్ ఒక్కటే వేసి ఉంటే కొన్నాళ్ళకు మళ్ళీ అదే మరక వచ్చేది.

ఆదివారం విప్పినప్పుడే పాత ప్యాకింగ్‌ను నా చేతికిచ్చి వంచమన్నాడు. రబ్బరు వంగాలి కదా, అది జంతిక విరిగినట్టు పుటుక్కున విరిగింది. కొత్తది పక్కన పెట్టి చూస్తే తేడా కళ్ళకు కడుతుంది. కొత్తది గుండ్రంగా, మెత్తగా ఉంది. పాతది పన్నెండేళ్ళ వేడికి పలకలా అణిగి, గాజుముక్కలా గట్టిపడింది. దాని మీద ఒక చోట ఎవరో ఎప్పుడో పూసిన సిలికాన్ మరక కూడా ఉంది. కవర్ బోల్టులు కూడా ఎవరో బలంగా బిగించేశారు. లీకైనప్పుడు ఇంకాస్త బిగిస్తే ఆగుతుందనిపిస్తుంది, కానీ గట్టిపడిన రబ్బరు ఎంత బిగించినా అతకదు, పైగా కవర్ వంకరపోతుంది.

బిగించేటప్పుడు ఆయన తీసుకున్న జాగ్రత్త చూడాల్సిందే. హెడ్ (కవర్ కూర్చునే ఇంజిన్ పై భాగం) అంచున అంటుకున్న పాత రబ్బరును ఇనుప బ్లేడుతో గీకలేదు. అల్యూమినియం మీద గీత పడితే నూనెకు అదే దారి. ప్లాస్టిక్ ముక్కతో గీకి, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచాడు. కొత్త ప్యాకింగ్‌ను కవర్ గాడిలో పొడిగానే కూర్చోబెట్టాడు. టైమింగ్ చైన్ కవర్ వచ్చి హెడ్‌కు కలిసే రెండు మూలల్లో మాత్రం కందిబేడంత సిలికాన్ పెట్టాడు. బోల్టులు మొదట చేత్తో, తర్వాత మధ్య నుంచి బయటికి ఎదురెదురుగా, రెండు విడతల్లో టార్క్ రెంచితో. ఎంతకు పెట్టావన్నా అంటే పది న్యూటన్ మీటర్లు అన్నాడు. పట్టి చూస్తే ఏమంత బిగువు అనిపించదు. సిలికాన్ ఆరాలని సాయంత్రం దాకా స్టార్ట్ చేయనివ్వలేదు. కూలీ 900. అంతా కలిపి 1,890 రూపాయలు.

మళ్ళీ పౌడరు, మళ్ళీ హోసకోట. ఈసారి మూలంతా తెల్లగానే ఉంది.

అయితే మూడో రోజు పొద్దున అట్ట మీద ఒక చుక్క కనిపించింది. గుండె జారిపోయింది. ఫోటో పంపితే అన్న నవ్వి, గేర్‌బాక్స్ గూడులో పాత నూనె ఇంకా కొంచెం దాక్కుని ఉంటుంది, అది జారేదాకా ఆగండి, పైన మూల పొడిగా ఉంటే చాలన్నాడు. టార్చి వేసి చూశాను. మూల పొడిగానే ఉంది. నాలుగో రోజు చుక్క లేదు. ఆ తర్వాత రెండు వారాలు అట్ట మార్చి మార్చి పరిచాను, ఏమీ పడలేదు. సిగ్నల్ దగ్గర వాసన పోయింది, పొద్దుటి వణుకూ పోయింది.

టైలు మీద మరకకు వాచ్‌మన్ ఉపాయం చెప్పాడు. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి ఒక రాత్రి పోసి ఉంచాం, పొద్దున ఊడ్చి గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో రుద్దాం. కొత్త మరక పూర్తిగా పోయింది, పాతవి రెండూ నీడల్లా ఉండిపోయాయి.

దసరాకు అనంతపురం వెళ్ళాం. కారు ఆపగానే నాన్న లోపలికి రమ్మనలేదు. బానెట్ ఎత్తమన్నాడు. కళ్ళద్దాలు సర్దుకుని ట్యాపెట్ కవర్ వెనక మూలలో వేలు పెట్టి చూసుకున్నాడు. "వాల్వు కూడా మార్చినాడు కదా, మంచోడే" అన్నాడు. తర్వాత నోట్‌బుక్కు తెమ్మని తన చేత్తోనే రాశాడు: "91,640 కి.మీ. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్గు సీళ్ళు, పీసీవీ వాల్వు. లీకు నిలిచింది."